నా డెస్క్‌టాప్ మీద ఫైళ్లు ఎటుపోయాయి?

(మాదాపూర్‌లో సిస్టమ్ అడ్మిన్ల కోసం జరిగిన ఒక సాయంత్రపు సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును వీలైనంత అలాగే ఉంచి, అక్కడక్కడా కుదించి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే. ఇవాళ నాకిచ్చిన విషయం యూజర్ ప్రొఫైళ్లు. క్లౌడ్ అనో ఏఐ అనో పేరు పెడితే హాలు నిండిపోయేది. ప్రొఫైల్ అన్నా ఇంతమంది వచ్చారంటే, మీలో చాలామందికి దీని దెబ్బ తగిలే ఉంటుంది.

మీ హెల్ప్‌డెస్క్ టికెట్లు ఒకసారి తెరిచి చూడండి. సర్వర్ పడిపోయిందని వచ్చేవి తక్కువ. "మెయిల్‌లో నా సిగ్నేచర్ పోయింది", "ఎక్సెల్‌లో నా మాక్రోలు కనపడటం లేదు", "నిన్న పెట్టుకున్న సెట్టింగ్ ఇవాళ లేదు", "లాగిన్ కొడితే వెల్‌కమ్ దగ్గరే తిరుగుతోంది". వీటిలో ఒకటి మెయిల్ టీముకు పోతుంది, ఒకటి ఆఫీస్ సపోర్టుకు, ఒకటి డెస్క్‌టాప్ టీముకు, చివరిది నెట్‌వర్క్ టీముకు. వాళ్లు చూసి "మా వైపు అంతా బాగానే ఉంది" అని రాసి వెనక్కి పంపుతారు. నిజమే, వాళ్ల వైపు బాగానే ఉంటుంది. ఆ నాలుగు టికెట్లూ పుట్టింది ప్రొఫైల్‌లో.

ప్రొఫైల్ అంటే ఏమిటో మీకు తెలుసు. అయినా ఒక్క నిమిషం, ఎందుకంటే తర్వాత చెప్పేదంతా దీనిమీదే నిలబడుతుంది. సి డ్రైవ్‌లో యూజర్స్ కింద మన పేరుతో ఉండే ఫోల్డర్ ఒకటి. అందులో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, యాప్‌డేటా ఉంటాయి. వీటితో పాటు కనపడకుండా దాక్కున్న ఎన్‌టీయూజర్.డ్యాట్ అనే ఫైల్ ఇంకొకటి. మనం లాగిన్ కాగానే ఈ ఫైల్ రిజిస్ట్రీలోకి, అంటే విండోస్ సెట్టింగులన్నీ దాచుకునే చోటికి, ఎక్కి హెచ్‌కీ కరెంట్ యూజర్‌గా కనిపిస్తుంది. వాల్‌పేపర్ దగ్గర్నుంచి కీబోర్డ్ వరకు, ప్రతి అప్లికేషన్ మన గురించి గుర్తుపెట్టుకునే సంగతుల్లో సగం ఇక్కడే ఉంటాయి. మిగతా సగం యాప్‌డేటాలో.

ఒక మనిషికి ఒక కంప్యూటర్ ఉన్నంతకాలం ఇదంతా ఎవరికీ పట్టలేదు. 1995లో సిట్రిక్స్ విన్‌ఫ్రేమ్, 1998లో మైక్రోసాఫ్ట్ టెర్మినల్ సర్వర్ ఎడిషన్ వచ్చాక కథ మారింది. డెస్క్‌టాప్ మన బల్ల మీది మిషన్‌లో కాకుండా, చాలామంది పంచుకునే సర్వర్ల మీద నడవడం మొదలైంది. యూజర్ ఇవాళ నాలుగో సర్వర్ మీద పడతాడు, రేపు తొమ్మిదో దాని మీద. ఏ సర్వర్ ఖాళీగా ఉంటే దానిమీదికి పంపడమే లోడ్ బ్యాలెన్సింగ్ పని. సర్వర్ మారిందని యూజర్‌కు తెలియకూడదు. తెలియకుండా ఉండాలంటే అతని ప్రొఫైల్ అతని వెంట రావాలి. అది ఎలా రావాలన్న ప్రశ్నకు ముప్పై ఏళ్లుగా మనకు కొత్త కొత్త జవాబులు వస్తూనే ఉన్నాయి. ప్రతి జవాబూ ఒక పాత సమస్యను తీర్చి కొత్తదాన్ని తెచ్చింది.

మొదటి జవాబు రోమింగ్ ప్రొఫైల్. నేను అమీర్‌పేటలో కోర్సు చేసిన రోజుల్లో, మైత్రీవనం చుట్టుపక్కల ఏ ఇన్‌స్టిట్యూట్‌లో అడిగినా ఇదే చెప్పేవారు. కంపెనీ అకౌంట్లన్నీ ఉండే యాక్టివ్ డైరెక్టరీలో యూజర్ ప్రాపర్టీస్ తెరిచి, ప్రొఫైల్ ఉంచే చోటి పాత్ ఇవ్వు, అయిపోయింది. టెర్మినల్ సర్వీసెస్‌కు వేరే ట్యాబ్, వేరే పాత్ ఉందని మాత్రం చాలామంది మర్చిపోయేవారు. దాంతో ల్యాప్‌టాప్ ప్రొఫైలూ సర్వర్ ప్రొఫైలూ ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగం అయ్యేవి.

రోమింగ్ పనిచేసే తీరు సూటిగా ఉంటుంది. లాగిన్‌లో షేర్ నుంచి, అంటే ఫైల్ సర్వర్ మీది ఉమ్మడి ఫోల్డర్ నుంచి, మొత్తం సర్వర్‌కు కాపీ, లాగాఫ్‌లో మారినవన్నీ తిరిగి షేర్‌కు కాపీ. రోజూ పొద్దున ఇంట్లో బీరువా మొత్తం నెత్తిన పెట్టుకుని ఆఫీసుకొచ్చి, సాయంత్రం మళ్లీ మోసుకెళ్లడం లాంటిది. ప్రొఫైల్ పది ఎంబీ ఉన్నప్పుడు సమస్య లేదు. ఎవరో ఒకరు డెస్క్‌టాప్ మీద పెళ్లి వీడియో పెడతారు, లాగిన్ నత్తనడక మొదలవుతుంది. యాప్‌డేటాలో లోకల్, లోకల్‌లో అనే ఫోల్డర్లు మామూలుగా కాపీ కావు, రోమింగ్ అనేది మాత్రమే అవుతుంది. కానీ ఏది ఎందులో పెట్టాలో నిర్ణయించేది అప్లికేషన్ రాసినవాడు. వాడు క్యాష్‌ను, అంటే వేగం కోసం తాత్కాలికంగా దాచే ఫైళ్లను, తెచ్చి రోమింగ్‌లో పెడితే మనం చేసేదేమీ లేదు, ఆ ఫోల్డర్‌ను పాలసీలో మినహాయించుకోవడం తప్ప.

కాపీ నెమ్మది అన్నది చిన్న బాధ. అసలు బాధ వేరే ఉంది. దాన్ని ఒక ఉదాహరణతో కాస్త వివరంగా చెప్తాను.

తెలుగులో టైప్ చేసే ఉద్యోగి ఒకామె ఉందనుకోండి. ఆమెకు రెండు అప్లికేషన్లు పబ్లిష్ చేశాం. వర్డ్ ఒక సర్వర్ నుంచి వస్తుంది, కంపెనీ సొంత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇంకో సర్వర్ నుంచి. తొమ్మిదింటికి వచ్చి రెండూ తెరిచింది. అంటే ఆమె ఎన్‌టీయూజర్.డ్యాట్ రెండు చోట్లకూ కాపీ అయింది. పదకొండింటికి వర్డ్ ఉన్న సర్వర్‌లో తెలుగు కీబోర్డ్ చేర్చుకుంది. రిజిస్ట్రీలో కీబోర్డ్ లేఅవుట్ కింద ప్రీలోడ్ అనే కీలో (రిజిస్ట్రీలో కీ అంటే ఫోల్డర్ లాంటిది) ఇంగ్లిష్‌కు ఒక కోడ్ ఉంటుంది, ఇప్పుడు దాని పక్కన 0000044ఎ అని ఇంకో వరుస చేరింది. అది తెలుగు కోడ్. సాయంత్రం వర్డ్ మూసి లాగాఫ్ అయింది. తెలుగు చేరిన ఫైల్ షేర్‌కు వెళ్లింది. ఐదు నిమిషాల తర్వాత బిల్లింగ్ మూసింది. ఆ సర్వర్‌లో ఉన్నది పొద్దుటి ఫైల్, అందులో తెలుగు లేదు. కానీ చివరగా వచ్చింది అదే కాబట్టి షేర్‌లో అదే మిగిలింది. మర్నాడు పొద్దున తెలుగు కీబోర్డ్ మాయం. ఆమె మళ్లీ పెట్టుకుంటుంది, మళ్లీ పోతుంది. టికెట్ వేస్తే మనవాడు ఫోన్ చేసి, "మేడమ్, సేవ్ చేశారా?" అని అడుగుతాడు. (నవ్వులు)

కాపీ చేసేటప్పుడు విండోస్ ఏ ఫైల్‌కు ఆ ఫైల్ తేదీ చూసుకుంటుంది. అందుకే డాక్యుమెంట్లు చాలావరకు బతికిపోతాయి. రిజిస్ట్రీ మొత్తం మాత్రం ఒకే ఫైల్. అందులో ఒక్క వాక్యం మారినా మొత్తం పుస్తకం మార్చినట్టే లెక్క. ఎవరు ఆఖరున రాస్తే వాళ్లదే రాజ్యం.

ఇదే కీబోర్డ్ గురించి ఒక పక్క మాట. రిమోట్ సెషన్‌లో యూజర్ సొంత మిషన్‌లో ఉన్న కీబోర్డ్ కూడా సెషన్‌లోకి వచ్చి చేరుతుంది. అక్కర్లేని లేఅవుట్లు ప్రత్యక్షమవుతున్నాయని ఎవరైనా అంటే ప్రొఫైల్‌ను తవ్వే ముందు సర్వర్ రిజిస్ట్రీలో ఇగ్నోర్ రిమోట్ కీబోర్డ్ లేఅవుట్ అనే విలువ ఉందో లేదో చూడండి. అది 1 అయితే బయటి లేఅవుట్ లోపలికి రాదు. ప్రొఫైల్ తప్పు కానిదాన్ని ప్రొఫైల్ మీదికి తోయడం కూడా మనకు అలవాటే.

ఇక లాగాఫ్ కష్టాలు. యూజర్ వెళ్లిపోయాడు, కానీ ఏ ప్రింటర్ డ్రైవరో, యాంటీవైరసో అతని రిజిస్ట్రీని పట్టుకుని వదలదు. ఫైల్ దిగదు, కాపీ పూర్తికాదు. 2000, 2003 సర్వర్ల కాలంలో దీనికోసం మైక్రోసాఫ్ట్ యూపీహెచ్‌క్లీన్ అనే చిన్న సర్వీస్ ఇచ్చింది. నా దృష్టిలో అప్పట్లో అడ్మిన్ల నిద్ర కాపాడిన సాఫ్ట్‌వేర్ అదొక్కటే. విస్టా నుంచి ఆ పని విండోస్ లోపలికే చేరింది. ఇప్పుడు బలవంతంగా దించినప్పుడు ఈవెంట్ లాగ్‌లో 1530 అని ఒక హెచ్చరిక పడుతుంది, ఏ ప్రాసెస్ పట్టుకుని కూర్చుందో కూడా అందులోనే రాస్తుంది. దాన్ని చదవకుండా క్లియర్ కొట్టేవాళ్లే ఎక్కువ.

టెంపరరీ ప్రొఫైల్ గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. డిస్క్ నిండిందని మనవాడు సర్వర్‌లోకి వెళ్లి యూజర్స్ కింద పాత ఫోల్డర్లను ఎక్స్‌ప్లోరర్‌లోనే షిఫ్ట్ డిలీట్ కొడతాడు. ఫోల్డర్ పోతుంది, కానీ రిజిస్ట్రీలో ప్రొఫైల్‌లిస్ట్ కింద ఆ యూజర్ ఎస్ఐడీ (అకౌంట్‌కు విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) పేరుతో ఉన్న కీ అలాగే ఉంటుంది. మళ్లీ లాగిన్ అయినప్పుడు విండోస్ కీ చెప్పిన చోటికి వెళ్తుంది, అక్కడ ఫోల్డర్ ఉండదు. ఈవెంట్ 1511 రాసి, టెంప్ అనే ప్రొఫైల్ చేతికిస్తుంది. యూజర్‌కు కొత్త డెస్క్‌టాప్ కనిపిస్తుంది, అతను పాపం పని మొదలుపెడతాడు. సాయంత్రం దాకా డెస్క్‌టాప్ మీద సేవ్ చేసిందంతా లాగాఫ్‌తో గంగలో కలుస్తుంది. అందుకే టెంప్ ప్రొఫైల్ అని తెలిసిన క్షణం యూజర్‌కు చెప్పాల్సిన మొదటి మాట, "దయచేసి ఏమీ సేవ్ చేయకండి, చేసినవి ఉంటే ఇప్పుడే షేర్‌లోకి కాపీ చేసుకోండి." కారణం వెతకడం ఆ తర్వాత. ప్రొఫైల్ తీసేయాలంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో యూజర్ ప్రొఫైల్స్ అనే చోట నుంచి తీయండి, లేదా విండోస్ కమాండ్లు రాసే పవర్‌షెల్‌లో విన్32 యూజర్‌ప్రొఫైల్ క్లాస్ వాడండి. అప్పుడు ఫోల్డరూ కీ రెండూ పోతాయి.

సర్వర్లు అప్‌గ్రేడ్ చేసినప్పుడు వచ్చే గోల కూడా ఇలాంటిదే. విస్టా, 2008 సర్వర్‌తో రోమింగ్ ఫోల్డర్ పేరు చివర .వీ2 అని చేరింది. 2012కు .వీ3, 2012 ఆర్2కు .వీ4, విండోస్ 10 మొదటి రిలీజులకు .వీ5, 1607 రిలీజ్ నుంచి .వీ6. సర్వర్ 2016, 2019, 2022 మూడూ .వీ6 కిందికే వస్తాయి. 2012 ఆర్2 నుంచి 2019కి మారిన సోమవారం పొద్దున అందరి ప్రొఫైలూ పోయినట్టు కనిపిస్తుంది. ఏమీ పోలేదు, పాతది .వీ4 ఫోల్డర్‌లో భద్రంగా ఉంది, కొత్త సర్వర్ .వీ6 కోసం వెతికి దొరక్క కొత్తది చేసుకుంది. ఈ సంగతి ముందురోజే యూజర్లకు ఒక మెయిల్‌లో చెప్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇన్ని తిప్పలు పడ్డాక జనం కొన్ని దారులు వెతికారు. ఒకటి మ్యాండేటరీ ప్రొఫైల్. ఎన్‌టీయూజర్.డ్యాట్ పేరును ఎన్‌టీయూజర్.మ్యాన్ అని మారిస్తే, యూజర్ ఏం మార్చుకున్నా లాగాఫ్‌లో నిలవదు. ట్రైనింగ్ ల్యాబులకు, కియోస్కులకు ఇంతకన్నా మంచిది లేదు. ఎప్పుడు లాగిన్ అయినా కడిగిన పలకలా ఉంటుంది. కానీ రోజంతా ఆఫీస్ వాడేవాళ్లకు ఇస్తే తిరగబడతారు. అక్కడి నుంచి వచ్చిన తెలివైన ఆలోచన, పునాది మ్యాండేటరీగా ఉంచి, కావలసిన సెట్టింగులు మాత్రం విడిగా మూటగట్టి దాచడం. నెదర్లాండ్స్‌లో లాగిన్ కన్సల్టెంట్స్ వాళ్ల ఫ్లెక్స్ ప్రొఫైల్ కిట్ అలా పుట్టింది. తర్వాత ఇమిడియో పేరుతో పెరిగింది, 2015లో వీఎంవేర్ దాన్ని కొని యూజర్ ఎన్విరాన్‌మెంట్ మేనేజర్ అంది, ఆపైన డైనమిక్ ఎన్విరాన్‌మెంట్ మేనేజర్ అంది. సిట్రిక్స్ ప్రొఫైల్ మేనేజ్‌మెంట్‌కు మూలం జర్మనీలోని సెపాగో వాళ్లు రాసింది. ఇవన్నీ ఒకటే అడుగుతాయి: ఏది దాచాలి, ఏది పారేయాలి? అడ్మిన్ కూర్చుని జవాబు రాయాలి. అది కష్టమైన పని, కానీ మంచి పని. నేనిక్కడ చెప్పదలచుకున్నదంతా దాని గురించే.

రెండో దారి ఫోల్డర్ రీడైరెక్షన్, విండోస్ 2000తో వచ్చింది. డాక్యుమెంట్లు ప్రొఫైల్‌లో మోయకుండా నేరుగా ఫైల్ సర్వర్‌లోనే ఉంచడం. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ చేయండి, తప్పకుండా చేయండి. యాప్‌డేటాను మాత్రం రీడైరెక్ట్ చేయకండి. కొందరు ఒప్పుకోరని తెలుసు. కానీ బ్రౌజర్ ఒకటి తెరిచి ప్రాసెస్ మానిటర్‌లో చూడండి, చిన్న చిన్న ఫైళ్లను ఎన్నిసార్లు తెరిచి మూస్తుందో. అవన్నీ నెట్‌వర్క్ మీదుగా పోతే అప్లికేషన్ ఈడ్చుకుంటూ నడుస్తుంది, తిట్లు మాత్రం సిట్రిక్స్‌కు పడతాయి.

2012 సర్వర్‌లో యూజర్ ప్రొఫైల్ డిస్క్ వచ్చింది. ఒక్కో యూజర్‌కు ఒక వర్చువల్ హార్డ్ డిస్క్, లాగిన్‌లో తగిలించడం, లాగాఫ్‌లో ఊడదీయడం. ఆలోచన బాగుంది, కానీ ఒక కలెక్షన్‌కు, అంటే ఒక సర్వర్ల గుంపుకు, ఒక డిస్క్ అన్న నియమం దగ్గర ఆగిపోయింది. అదే ఆలోచనను ఎఫ్ఎస్‌లాజిక్స్ పూర్తి చేసింది. 2018 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది, ఆర్డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) లైసెన్స్ ఉన్నవాళ్లకు విడిగా డబ్బు కట్టకుండా వాడుకునే వీలిచ్చింది. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు దానిమీదే ఉన్నారనుకుంటాను. చేతులెత్తండి... అవును.

ఇందులో కాపీ లేదు. వీహెచ్‌డీఎక్స్ అనే వర్చువల్ డిస్క్ ఫైల్ ఎప్పుడూ షేర్‌లోనే ఉంటుంది, సర్వర్ దాన్ని డిస్క్‌లా తగిలించుకుంటుంది, ఫిల్టర్ డ్రైవర్ మధ్యలో ఉండి అది సి డ్రైవ్‌లోని ఫోల్డరే అని అప్లికేషన్లను నమ్మిస్తుంది. ఔట్‌లుక్ క్యాష్డ్ మోడ్ హాయిగా నడుస్తుంది, నిమిషాలు పట్టే లాగిన్ సెకన్లలోకి దిగుతుంది. ఇంత మంచి జరిగాక మనవాళ్లు ఏం చేశారు? ప్రొఫైల్ గురించి ఆలోచించడం మానేశారు.

నా ఫిర్యాదంతా ఇక్కడే. రోమింగ్ కాలంలో చెత్త ఉంటే లాగిన్ నెమ్మదించేది, ఎవరో ఒకరు అరిచేవారు, మనం శుభ్రం చేసేవాళ్లం. ఇప్పుడు చెత్త డిస్క్ లోపల కనపడకుండా పేరుకుంటుంది. ఎవరూ అరవరు. డిఫాల్ట్‌గా ఒక్కో కంటెయినర్, అంటే ఒక్కో యూజర్ డిస్క్, గరిష్ఠ పరిమాణం 30,000 ఎంబీ, అంటే సుమారు 30 జీబీ. డైనమిక్ డిస్క్ కాబట్టి మొదట చిన్నగానే ఉంటుంది. కానీ ఒకసారి పెరిగాక లోపల ఫైళ్లు తీసేసినా బయట ఫైల్ తగ్గదు. ఎఫ్ఎస్‌లాజిక్స్ 2210 వెర్షన్ నుంచి లాగాఫ్‌లో కుదించే ఏర్పాటు వచ్చింది, దానికి ముందు వెర్షన్ మీద ఉన్నవాళ్లు స్క్రిప్టులు రాసుకోవాల్సి వచ్చేది. 500 మంది యూజర్లు ఉంటే లెక్క వేసుకోండి, చివరికి 15 టీబీ దాకా పోవచ్చు. అందులో బ్రౌజర్ క్యాష్ ఎంత, టీమ్స్ క్యాష్ ఎంత, మనిషి నిజంగా తయారుచేసింది ఎంత? ఒక్క డిస్క్ మౌంట్ చేసి, అంటే మీ మిషన్‌కు తగిలించి, చూడండి, ఆశ్చర్యపోతారు. నిల్వకు అద్దె కడుతున్నది, బ్యాకప్ తీస్తున్నది ఎక్కువగా ఆ క్యాష్‌కే.

అందుకని ఏ టూల్ వాడినా ముందు కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది. యూజర్ చేతులతో తయారుచేసిన పని ఏది? అతని అలవాట్లు ఏవి? మిషన్ తనంతట తాను మళ్లీ తయారుచేసుకోగలిగింది ఏది? పని ఫైల్ సర్వర్‌కో వన్‌డ్రైవ్‌కో పోవాలి, రోజూ బ్యాకప్ కావాలి. మళ్లీ తయారయ్యేది ఎక్కడా దాచనక్కర్లేదు. చిక్కంతా మధ్యలో ఉన్న అలవాట్లతోనే, ఎందుకంటే పైకి చూస్తే చెత్తలాగే ఉంటాయి.

ఉదాహరణకు మెడికల్ కోడింగ్ ఫ్లోర్‌లో పనిచేసేవాళ్లను తీసుకోండి. మన ఊళ్లో ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో చురుకైనవాళ్లు ఎక్సెల్‌లో సొంతంగా మాక్రోలు రికార్డ్ చేసి పెట్టుకుంటారు. అవి పర్సనల్.ఎక్స్ఎల్ఎస్‌బీ అనే ఫైల్‌లో, యాప్‌డేటా రోమింగ్‌లో మైక్రోసాఫ్ట్, ఎక్సెల్, ఎక్స్ఎల్‌స్టార్ట్ అనే దారిలో ఉంటాయి. అలాంటి ఒక అమ్మాయికి ఆ ఫైల్ పేరు కూడా తెలియదు. ఆమెకు తెలిసింది ఒకటే, ఫలానా బటన్ నొక్కితే రెండు గంటల పని ఐదు నిమిషాల్లో అవుతుంది. లాగిన్ సరిగా కావడం లేదని టికెట్ వేస్తే, హెల్ప్‌డెస్క్ తొలి అంచెలోని ఎల్1 కుర్రాడు స్క్రిప్ట్‌లో రాసినట్టు "ప్రొఫైల్ రీసెట్" చేస్తాడు. టికెట్ క్లోజ్. ఎస్ఎల్ఏ లోపే, అంటే ఒప్పుకున్న గడువులోపే. ఆమె రెండేళ్ల కష్టం గాలికి పోయింది, మన డ్యాష్‌బోర్డ్‌లో మాత్రం పచ్చ రంగు.

రీసెట్ అనే బటన్‌ను హెల్ప్‌డెస్క్ చేతికి ఇవ్వకండని నేను అనను, రాత్రి షిఫ్టులో వాళ్లకు ఇంకో దారి ఉండదు. కానీ ఆ బటన్ డిలీట్ చేయకూడదు, పాత ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టాలి. కొత్త ప్రొఫైల్ వచ్చాక పాతదాని నుంచి కొన్ని వెనక్కి తేవాలి. ఇప్పుడు చెప్పిన ఎక్స్ఎల్‌స్టార్ట్, ఔట్‌లుక్ సిగ్నేచర్స్ ఫోల్డర్, వర్డ్ నార్మల్ టెంప్లేట్, బ్రౌజర్ బుక్‌మార్కులు. ఇవన్నీ కలిపినా సాధారణంగా కొన్ని ఎంబీలే. చిన్న పవర్‌షెల్ స్క్రిప్ట్ చాలు. యూజర్ దృష్టిలో ఏమీ జరగనట్టే ఉంటుంది.

మినహాయింపుల విషయంలో జాగ్రత్త. ఎఫ్ఎస్‌లాజిక్స్‌లో రీడైరెక్షన్స్ ఎక్స్ఎంఎల్ ఫైల్ ఉంటుంది, ఏ ఫోల్డర్ డిస్క్‌లోకి రాకూడదో అందులో రాస్తాం. ఎక్కడి నుంచో దొరికిన పొడుగాటి జాబితా తెచ్చి అతికించకండి. ఉదాహరణకు రోమింగ్‌లో మైక్రోసాఫ్ట్ కింద ప్రొటెక్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది, చూడ్డానికి అర్థంకాని పేర్లతో నాలుగు ఫైళ్లు. యూజర్ దాచుకున్న పాస్‌వర్డులను, సర్టిఫికెట్లను తాళం వేసే కీలు అవే. వాటిని తీసేస్తే తాళాలు మిగులుతాయి, తాళంచెవులు ఉండవు. మినహాయించే ప్రతి ఫోల్డర్ పక్కన ఎందుకు అని ఒక వాక్యం రాయలేకపోతే దాన్ని జాబితాలో పెట్టకండి.

ఇక నిల్వ. ప్రొఫైళ్లన్నీ ఒక షేర్‌లో పెట్టామంటే ఆ షేర్ ఊపిరి ఆగితే ఫ్లోర్ మొత్తం ఊపిరి ఆగుతుంది. మన ఊరికి ఇది మరీ వర్తిస్తుంది. అమెరికా షిఫ్టు అంటే క్యాబులన్నీ సాయంత్రం ఒకే అరగంటలో గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలో జనాన్ని దించుతాయి. వచ్చినవాళ్లంతా ఒకేసారి లాగిన్ కొడతారు. మైక్రోసాఫ్ట్ చెప్పే లెక్క ప్రకారం ఒక యూజర్‌కు మామూలుగా 10 ఐవోపీఎస్ (డిస్క్ సెకనుకు ఎన్నిసార్లు చదవగలదు, రాయగలదు అన్న లెక్క) చాలు, లాగిన్, లాగాఫ్ సమయంలో 50 కావాలి. వంద మంది ఒకేసారి వస్తే 5,000. సగటు చూసి స్టోరేజ్ కొన్నవాళ్లు సాయంత్రం ఆరున్నరకు దొరికిపోతారు. యాంటీవైరస్‌లో వీహెచ్‌డీఎక్స్ ఫైళ్లను మినహాయించలేదంటే చెప్పనే అక్కర్లేదు. మెయింటెనెన్స్ సంగతి కూడా అంతే. ప్రధాన ఆఫీసులో ఎవరో వాళ్లకు రాత్రి కదా అని ఫైల్ సర్వర్ రీబూట్ పెడతారు. ఎవరి రాత్రి అన్నది ముందు అడగాలి.

దూరం కూడా లెక్కలోకి తీసుకోండి. 2022 నవంబర్‌లో అమెజాన్ క్లౌడ్, అంటే ఏడబ్ల్యూఎస్, హైదరాబాద్ రీజియన్ తెరిచింది. అంతకుముందు ముంబైలో ఉన్నవి ఇక్కడికి తెచ్చుకుందామని అందరికీ ఉత్సాహం. సెషన్ సర్వర్లు ఇక్కడికి తెచ్చి, ఫైల్ షేర్ "తర్వాత చూద్దాం" అని ముంబైలోనే వదిలేస్తే మాత్రం కథ కంచికే. స్క్రీన్ దూరం నుంచి వచ్చినా యూజర్ ఓర్చుకుంటాడు, డిస్క్ దూరంగా ఉంటే విండోస్ ఓర్చుకోదు. ప్రొఫైల్ షేర్ ఎప్పుడూ సెషన్ సర్వర్ల పక్కనే ఉండాలి. రెండు చోట్లా కావాలంటే ఎఫ్ఎస్‌లాజిక్స్‌లోనే, రెండు షేర్లకూ రాసే క్లౌడ్ క్యాష్ ఉంది. కానీ అది సర్వర్ లోకల్ డిస్క్‌ను బాగా వాడుకుంటుంది, అక్కడ చవక డిస్క్ పెడితే మందు రోగం కన్నా ఘోరం అవుతుంది.

సరే, ప్రశ్నలు అడగండి.

("మేడమ్, యూజర్ రెండు సెషన్లు తెరిస్తే రెండో దాంట్లో ప్రొఫైల్ రావడం లేదు. అందరికీ రీడ్ రైట్ ఎలా ఇవ్వాలి?" అని ఒకరు అడిగారు.)

ఇవ్వలేరు. ఒక డిస్క్‌లోకి ఒకేసారి ఒక్కరే రాయగలరు, కీబోర్డ్ ఉదాహరణలో చూసిన గొడవ రాకుండా ఆపేది ఆ తాళమే. ప్రొఫైల్‌టైప్ అనే సెట్టింగ్ 3 పెడితే మొదటి సెషన్‌కు రాసే హక్కు, తర్వాతి వాటికి చదివే హక్కు వస్తుంది. రెండో సెషన్‌లో మార్చుకున్నవి లాగాఫ్‌తో పోతాయి. అది యూజర్‌కు ముందే చెప్పాలి. నన్నడిగితే, రెండు సెషన్లు ఎందుకు తెరవాల్సి వస్తోందో చూడండి. రెండు అప్లికేషన్లూ ఒకే సర్వర్ ఇమేజ్‌లో పెడితే చాలా చోట్ల ఈ అవసరమే పోతుంది.

("షేర్ పర్మిషన్లు?")

షేర్ పై ఫోల్డర్‌లో యూజర్లకు మాడిఫై, "ఈ ఫోల్డర్‌కు మాత్రమే" అని. క్రియేటర్ ఓనర్‌కు మాడిఫై, "సబ్‌ఫోల్డర్లు, ఫైళ్లకు మాత్రమే" అని. అడ్మిన్లకు ఫుల్ కంట్రోల్. ఇలా ఉంటే ఎవరి డిస్క్ వాళ్లకే కనపడుతుంది. ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ పెట్టి పని జరిగిపోతోందనుకుంటే, ఎవరి మెయిలైనా ఎవరైనా కాపీ చేసుకోవచ్చని అర్థం. ఇంకోటి, ఫోల్డర్ పేరులో ముందు ఎస్ఐడీ, తర్వాత యూజర్ పేరు వస్తుంది డిఫాల్ట్‌గా. ఫ్లిప్‌ఫ్లాప్ సెట్టింగ్ పెడితే పేరు ముందుకు వస్తుంది. రాత్రి రెండింటికి డిస్క్ వెతికేవాడు మిమ్మల్ని తలుచుకుంటాడు. అయితే మొదట్లోనే పెట్టాలి, మధ్యలో మారిస్తే పాత ఫోల్డర్ల పేర్లు కూడా మీరే మార్చాలి.

("మేడమ్, ఉద్యోగం మానేసి ఆరు నెలల తర్వాత మళ్లీ చేరాడు. అదే యూజర్ పేరు ఇచ్చాం. డిస్క్ ఇంకా షేర్‌లో ఉంది, కానీ తగలడం లేదు.")

పాత అకౌంట్ డిలీట్ చేసి కొత్తది చేశారా? అవును కదా. పేరు ఒకటే, ఎస్ఐడీ వేరు. విండోస్‌కు అతను కొత్త మనిషి. ఫోల్డర్ పేరు మార్చి, పర్మిషన్లు మార్చి, లోపల రిజిస్ట్రీ ఫైల్ మీద హక్కులు మార్చి, ఎఫ్ఎస్‌లాజిక్స్ లోపల దాచుకున్న ప్రొఫైల్‌డేటా ఫైల్‌లో ఎస్ఐడీ కూడా మార్చి తగిలించవచ్చు. చేసినవాళ్లు ఉన్నారు. ఒక్క యూజర్ కోసం అంత అవసరం లేదు. పాత డిస్క్‌ను మీ అడ్మిన్ మిషన్‌లో రీడ్ ఓన్లీగా మౌంట్ చేయండి, డాక్యుమెంట్లు, సిగ్నేచర్లు, ఎక్స్ఎల్‌స్టార్ట్, బుక్‌మార్కులు కొత్తదాంట్లోకి కాపీ చేసివ్వండి, అరగంట పని. మానేసినవాళ్ల డిస్కులు ఎన్నాళ్లు ఉంచాలన్నది మాత్రం మనం తేల్చేది కాదు, హెచ్ఆర్, లీగల్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. తీసుకున్నాక, నెలకోసారి షేర్‌లోని ఎస్ఐడీలను యాక్టివ్ డైరెక్టరీతో పోల్చి, ఎవరికీ చెందని డిస్కుల జాబితా వాళ్లకు పంపే స్క్రిప్ట్ పెట్టుకోండి. తీసేయమని జవాబు వస్తేనే తీయండి.

ఇంకెవరైనా? ఆ చివర ఎవరో చెయ్యెత్తారు... లేదా, సరే. టీ బయట పెట్టారట.